తాబేళ్ల కోసం తూర్పు తీరం: రుషికుల్యా, గహిర్మాత, విశాఖ

ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలల్లో ఒడ్డెక్కడం చూడాలంటే ఒడిశాలో గంజాం జిల్లాలోని రుషికుల్యా నదీముఖానికే వెళ్లాలి. అదే రాష్ట్రంలోని గహిర్మాత తీరం పేరు పెద్దదే, 1997 నుంచి సముద్ర అభయారణ్యం కూడా. కానీ తాబేళ్లు గుడ్లు పెట్టే నాసి దీవుల పక్కనే క్షిపణి పరీక్షల కేంద్రం ఉంది, పర్యాటకులను అటు పోనివ్వరు. మడ అడవులు, మొసళ్లు చాలనుకుంటే దాని పక్కనున్న భితరకనిక వెళ్లండి, అంతే.

రుషికుల్యాకు బరంపురంలో రైలు దిగాలి. అక్కడికి 16 కిలోమీటర్లలో గోపాల్‌పూర్, బసకు అదే నయం. చిలికా కూడా చూసే పని ఉంటే రంభలో దిగొచ్చు. బండి మాత్రం రాత్రంతా ఆగేలా ముందే మాట్లాడుకోవాలి, తాబేలు మన టైమ్ చూసి రాదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఏ రాత్రి మొదలవుతుందో ఎవరూ గట్టిగా చెప్పలేరు. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షలు ఎక్కిన ఈ ఒడ్డుకు 2024లో అవి గుంపుగా రానే లేదు. కాబట్టి ముందుగా డబ్బు కట్టించుకుని ‘గ్యారంటీ’ అనే ప్యాకేజీలను నమ్మకండి. అటవీ శాఖ నుంచి కబురు తెలిశాకే బయల్దేరండి. ఆ తీరంలోని జాలరి పల్లెల్లో తెలుగు వచ్చినవాళ్లు ఉన్నారు, భాషకు ఇబ్బంది ఉండదు.

ఒడ్డెక్కేటప్పుడు, గొయ్యి తవ్వేటప్పుడు టార్చి వెలుగు పడితే తాబేలు వెనక్కి తిరిగిపోతుంది. వెనక కాళ్లతో ఒకటి మార్చి ఒకటి ఇసుక తోడుతూ, మూరెడు లోతున కుండ ఆకారంలో గొయ్యి చేస్తుంది. గుడ్లు రాలడం మొదలయ్యాక వెనక నుంచి, ఎర్ర లైటుతో చూడొచ్చు. నూరు, నూట ఇరవై గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒంటిని అటూ ఇటూ ఊపుతూ పొట్టతో దిమ్మిస కొడుతుంది. ఆ దబదబ చప్పుడు వినడానికే వెళ్లాలి.

అంత దూరం కుదరని వాళ్లకు విశాఖ ఉంది. ఇక్కడివి విడివిడిగా వచ్చేవి కదా, తక్కువ రకమేమో అనుకోనక్కర్లేదు. తల్లి నుంచి సంక్రమించే మైటోకాండ్రియా డీఎన్‌ఏను పరీక్షించి, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలతో కూడిన బృందం 2004లో తేల్చిన మాట: భారత తూర్పు తీరపు రిడ్లేలన్నీ కలగలిసిన ఒకే సంతతి, పక్కనున్న శ్రీలంక వాటితో కూడా కలవని సంతతి. నూటికి 96 తాబేళ్లలో మరే దేశంలోనూ దొరకని డీఎన్‌ఏ రకాలే. మిగతా సముద్రాల రిడ్లేలకు మూలం హిందూ మహాసముద్రపు శాఖలేనని కూడా ఆ పని సూచించింది. అందుకే ట్రాలర్ వలలో ఊపిరాడక చచ్చిన మన తాబేలు లోటును పసిఫిక్ తాబేలు తీర్చలేదు.

విశాఖలో హేచరీ, అంటే గుడ్లను ఒడ్డు నుంచి తెచ్చి కాపాడి పొదిగించే చోటు, మంచిదో కాదో తేల్చుకోవడానికి రెండు ప్రశ్నలు చాలు. గుడ్లు పెట్టిన కొద్ది గంటల్లోనే, తిరగబడకుండా తెచ్చారా? ఆలస్యమైతే పిండం పెంకు పైభాగానికి అతుక్కుంటుంది, గుడ్డు దొర్లితే చచ్చిపోతుంది. రెండోది, పిల్లలు పైకి రాగానే వదిలేస్తున్నారా? జనం వచ్చేదాకా టబ్బులో ఉంచితే, ఈదడానికి దాచుకున్న పచ్చసొన శక్తి అక్కడే కొట్టుకుని అయిపోతుంది. గూడుపై నీడ కూడా గమనించండి. ఇసుక 30 డిగ్రీలు దాటేకొద్దీ పిల్లల్లో ఆడవే ఎక్కువవుతాయి.

గుడ్లు పొదగడానికి 45 నుంచి 60 రోజులు. ఫిబ్రవరి చివర్లో తాబేళ్లు ఎక్కిన కబురు విని, వెళ్లలేకపోయిన వాళ్లు పిల్లలు పైకి రావడం చూడ్డానికి ఏప్రిల్ మూడో వారానికి టికెట్టు తీసుకోవచ్చు.