జాస్, నరేటర్, ఎన్‌వీడీఏ: ఏది మేలు?

అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల్లో చేరే చూపులేని పిల్లలు నన్ను తరచూ అడిగేది ఇదే: "అన్నా, ఏ స్క్రీన్ రీడర్ నేర్చుకోవాలె?" తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేరే స్క్రీన్ రీడర్. జాస్, నరేటర్, ఎన్‌వీడీఏ మూడూ వాడాను కాబట్టి నాకు తోచింది చెబుతాను. ధర, గొంతు, షార్ట్‌కట్‌లు ఎలాగూ అందరూ చూస్తారు. వాటితో పాటు నేను ఇంకొకటి చూస్తాను. విండోసో, బ్రౌజరో మారిన మర్నాడు ఆ రీడర్ చేత మళ్లీ సరిగ్గా చదివించే బాధ్యత ఎవరు తీసుకుంటున్నారు?

నరేటర్ సంగతి తొందరగా తేల్చేయొచ్చు. విండోస్ 2000 నుంచీ విండోస్‌తోనే వస్తోంది, పైసా ఖర్చు లేదు. కంట్రోల్, విండోస్, ఎంటర్ కలిపి నొక్కితే మాట్లాడుతుంది. కొత్త కంప్యూటర్ తెరిచిన రోజు, వేరే రీడర్ మొరాయించిన రోజు అదే దిక్కు. రోజంతా ఎక్సెల్ షీట్లతో కుస్తీ పట్టేవాళ్లకు మాత్రం అది చాలదు.

జాస్ పాత కాపు. ప్రమాదంలో చూపు పోయిన టెడ్ హెంటర్ పెట్టిన కంపెనీ 1989లో విండోస్‌కు ముందటి డాస్‌కు, 1995లో విండోస్‌కు తెచ్చింది. ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కు తగ్గట్టు స్క్రిప్టులు (చిన్న ప్రోగ్రాములు) రాసుకోగలగడం దాని అసలు బలం. హైటెక్ సిటీలో ఉద్యోగమొచ్చి, కంపెనీయే లైసెన్సు కొనిస్తే నిక్షేపంగా తీసుకోండి. సొంత డబ్బుతో కొనడం మాత్రం విద్యార్థికి తలకు మించిన భారం. లైసెన్సు లేకపోతే 40 నిమిషాలకు ఆగిపోతుంది, కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే గానీ మళ్లీ పలకదు. గ్రూప్స్‌కు చదివేవాడు అలా ఎన్నాళ్లు నెట్టుకొస్తాడు?

అందుకే పిల్లలకు నేను ముందు ఎన్‌వీడీఏ నేర్పిస్తాను. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ 2006లో మొదలుపెడితే, జేమ్స్ టెహ్ తోడయ్యాడు. ఇద్దరికీ చూపు లేదు. అందరూ వాడే కంప్యూటర్‌నే వాడుకోవడానికి మనం అదనంగా డబ్బు కట్టాల్సిన అవసరం ఉండకూడదన్నది వాళ్ల పట్టుదల. ఉచితం, కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని వెళ్తే, ఇన్‌స్టాల్ చేయకుండానే వేరేవాళ్ల కంప్యూటర్‌లో నడుస్తుంది. దాంతో వచ్చే ఈస్పీక్ అనే గొంతు తెలుగు కూడా చదువుతుంది. గొంతు యంత్రంలా ఉంటుంది, నిజమే. కానీ అలవాటైతే వేగం ఎంత పెంచినా మాట తెలుస్తుంది.

ఈ ఉచితం వెనక చాలామంది చాకిరీ ఉంది. ఎన్‌వీడీఏను రాసిన ప్రోగ్రామింగ్ భాష పైథాన్. అందులో పాత వెర్షన్ పైథాన్ 2కు 2020 జనవరి 1తో కాలం చెల్లింది. ఎన్‌వీడీఏ కోడ్ అంతా పైథాన్ 3కి మార్చి, 2019.3 వెర్షన్‌ను 2020 ఫిబ్రవరిలో విడుదల చేశారు. ఆ దెబ్బకు యాడ్-ఆన్‌లు, అంటే ఎన్‌వీడీఏకు అదనపు సదుపాయాలు జోడించే చిన్న ప్రోగ్రాములు, రాసేవాళ్లంతా తమ కోడ్‌ను తిరగరాసుకోవాల్సి వచ్చింది. ఏటా వచ్చే మొదటి వెర్షన్‌తోనూ ఇదే తంతు. ప్రతి యాడ్-ఆన్‌లో మానిఫెస్ట్ అనే చిన్న ఫైలు ఉంటుంది. అందులో 'చివరగా పరీక్షించిన వెర్షన్' అని ఒక వరుస. అక్కడ పాత అంకె ఉంటే ఎన్‌వీడీఏ ఆ యాడ్-ఆన్‌ను ఆపేస్తుంది. అంకె మార్చడం క్షణం పని. మార్చే ముందు ప్రతి షార్ట్‌కట్ నొక్కి, విని చూసుకోవాలి. యాడ్-ఆన్ రాసినవాడు జీతం లేకుండా, ఎక్కడో ఒక్కడే కూర్చుని ఆ పని చేస్తాడు. వాడి ఓపిక వల్లే మనవాళ్లు ఇక్కడ ఉద్యోగాలు నిలబెట్టుకుంటున్నారు. ఎంత మెచ్చుకున్నా తక్కువే.

అను ఫాంట్లలో చేసిన స్టడీ మెటీరియల్ పీడీఎఫ్‌ను మాత్రం ఈ మూడింటిలో ఏదీ నేరుగా చదవలేదు. తెర మీద తెలుగు కనిపించినా లోపల ఉండేది అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు. కంప్యూటర్‌కు తెలుగు తెలుగుగానే తెలిసే యూనికోడ్‌లో ఇమ్మని పబ్లిషర్లను మనమే అడగాలి.

ఎన్‌వీడీఏను ఉచితంగా వాడుకుంటున్నాం కాబట్టి ఎంతో కొంత విరాళం పంపండి. డబ్బు లేకపోతే పనికొచ్చే ఫిర్యాదు రాయండి. "పని చేయట్లేదు సార్" అంటే వాళ్లకేం తెలుస్తుంది? విండోస్ వెర్షన్, ఎన్‌వీడీఏ వెర్షన్, ఏ కీ నొక్కితే ఏం వినిపించింది, ఏం వినిపించాలి అన్నవి రాసి, టూల్స్ మెనూలోని లాగ్ (ఏం జరిగిందో ఎన్‌వీడీఏ రాసుకునే చిట్టా) జతచేయండి. యాడ్-ఆన్ స్టోర్‌లో వివరాలు తెరిస్తే రాసినవాళ్ల పేరు ఉంటుంది. బాగా పనిచేస్తున్నప్పుడు కూడా వాళ్లకు నాలుగు మాటలు రాయండి.