పెట్ షాప్ బాయ్స్ ‘నన్‌దిలెస్’: బీటు తగ్గింది, పాట మిగిలింది

ఇంగ్లండ్ పాప్ సంగీత జంట పెట్ షాప్ బాయ్స్ పదిహేనో ఆల్బమ్ ‘నన్‌దిలెస్’ 2024 ఏప్రిల్ 26న వచ్చింది. ఇంగ్లండ్‌లో విమర్శకులు ఎక్కువ మంది మెచ్చుకున్నారు. జనం కూడా బాగానే కొన్నారు. బ్రిటన్ ఆల్బమ్ చార్టులో రెండో స్థానం దక్కింది, పైన ఉన్నది టేలర్ స్విఫ్ట్ ఒక్కరే. 1993లో ‘వెరీ’ మొదటి స్థానానికి వెళ్లాక వీళ్లు మళ్లీ ఇంత పైకి రావడం ఇప్పుడే. అయినా పాత అభిమానుల్లో ఒక వర్గం పెదవి విరుస్తోంది. వాళ్లతో నాకు పేచీ ఉంది.

వాళ్ల బాధ ఏమిటంటే, డ్యాన్స్ తగ్గిపోయిందని. 2013 నుంచి 2020 దాకా వచ్చిన ‘ఎలక్ట్రిక్’, ‘సూపర్’, ‘హాట్‌స్పాట్’ మూడింటికీ స్టువర్ట్ ప్రైస్ నిర్మాత. వాటిలో బాస్ గుండెల మీద కొట్టేది, క్లబ్‌లో వేస్తే కాళ్లు ఆగేవి కావు. ఈసారి జేమ్స్ ఫోర్డ్ వచ్చి, సింథసైజర్లను కాస్త వెనక్కి జరిపి, ఆర్కెస్ట్రా వయోలిన్లను ముందుకు తెచ్చాడు. అది మెత్తబడటం అంటున్నారు. నాకు అలా అనిపించలేదు. ఇళయరాజా పాటలు వింటూ పెరిగినవాళ్లకి వయోలిన్లు పైపై అలంకారం కాదు, పాటలో సగం అవే. ‘లోన్లీనెస్’ వినండి. కింద బీటు పరుగెడుతూనే ఉంటుంది, పైన వయోలిన్లు ఒంటరి మనిషి గురించి వేరే కథ చెబుతుంటాయి. ఆ రెండూ కలిసి నడవడమే ఈ ఇద్దరి అసలు బలం.

నా మనసు పడ్డ పాట ‘న్యూ లండన్ బాయ్’. ఈ జంటలో పాడే నీల్ టెనెంట్ ఇంగ్లండ్ ఉత్తరాది కుర్రాడు. 1970ల మొదట్లో చదువు కోసం లండన్ వచ్చాడు. కొత్త ఊళ్లో ఎలాంటి బట్టలు వేసుకోవాలి, ఎవరి మధ్య కలిసిపోవాలి, వీధిలో ఎదురయ్యే స్కిన్‌హెడ్ల (గుండు చేయించుకుని తిరిగే దుడుకు కుర్రాళ్ల) ఎగతాళిని ఎలా తట్టుకోవాలి, ఇదంతా డెబ్బై ఏళ్ల వయసు దగ్గర పడ్డాక వెనక్కి తిరిగి చూసుకుని రాశాడు. మధ్యలో పాట ఆపి మాటల్లోకి దిగుతాడు. 1986 జనవరిలో బ్రిటన్‌లోనూ, అదే ఏడాది మేలో అమెరికాలోనూ మొదటి స్థానానికి వెళ్లిన ‘వెస్ట్ ఎండ్ గర్ల్స్’లో ఉన్న గొంతే అది, కాకపోతే ఇప్పుడు తొందర లేదు. గుంటూరు నుంచి వచ్చి లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో అద్దె గది వెతుక్కున్నవాణ్ణి నేను. అతని భయం, నా భయం ఒకటి కావు. కానీ కొత్త ఊరు మనల్ని ఎగాదిగా చూసే ఆ చూపు నాకు బాగా తెలుసు. ఈ పాటని బస్సులో ఎన్నిసార్లు విన్నానో.

‘డ్యాన్సింగ్ స్టార్’ కూడా వదిలేది కాదు. 1961లో ప్యారిస్ విమానాశ్రయంలో సోవియట్ కాపలా నుంచి తప్పించుకుని ఫ్రాన్స్‌లో ఆశ్రయం కోరిన బ్యాలే కళాకారుడు రుడాల్ఫ్ నూరెయేవ్ గురించి రాశారు. ఇంత బరువైన చరిత్రని హాయిగా ఊగిపోయే 1980ల బాణీలో పెట్టాలంటే ధైర్యం కావాలి. ‘ఫీల్’ జైల్లో ఉన్న ప్రియమైన మనిషిని చూడటానికి వెళ్లేవాళ్ల పాట. ఈ సంగతి తెలిసి వింటే గొంతు పట్టేస్తుంది.

అన్నీ మెచ్చుకోలేను. ‘ది ష్లాగర్ హిట్ పరేడ్’ జర్మన్ల జనరంజక పాటల మీద తమాషాగా చేసింది. మొదటిసారి నవ్వొచ్చింది, తర్వాత దాటేస్తున్నాను. ‘ది సీక్రెట్ ఆఫ్ హ్యాపీనెస్’లో మాత్రం వయోలిన్లు నిజంగానే మోతాదు మించాయి. అక్కడ ఆ అభిమానుల ఫిర్యాదు న్యాయమే.

ఉన్నవి పది పాటలే, సాగదీత లేదు. అలాగని ఫోన్ స్పీకర్‌లో వినొద్దు, ఆ వయోలిన్లన్నీ ఒకే ముద్దగా వినిపిస్తాయి. మామూలు ఇయర్‌ఫోన్లయినా చాలు. వీళ్లని ఎప్పుడూ విననివాళ్లు ముందు ‘లోన్లీనెస్’, ఆ తర్వాత ‘న్యూ లండన్ బాయ్’ పెట్టుకోండి. ఆ రెండూ నచ్చకపోతే మిగతావి కూడా నచ్చవు. నచ్చితే సీడీ కొనండి, నేను కొన్నాను.