సఫోక్‌లో రెండు రాత్రులు: ఫొటోలో మాల్ట్‌హౌస్, మాకు ఇచ్చిన గది

ఇంగ్లండ్ తూర్పున ఉన్న సఫోక్‌లో, మాల్ట్‌హౌస్‌లో (బీరు కోసం బార్లీని మొలకెత్తించి ఆరబెట్టిన పాత కట్టడంలో) బస అని రెండు రాత్రులకు 290 పౌండ్లు కట్టి, జిప్సం బోర్డుల నడుమ పడుకుని వచ్చాం. ఇంగ్లండ్‌లో పాత రైతుల ఇళ్లు చూడాలనుకునే మనవాళ్లు ముందుగా తెలుసుకుంటారని ఇది రాస్తున్నాను.

నాకు పాత కట్టడాలంటే ఇష్టమని, లండన్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఈ ఫార్మ్‌హౌస్‌ను వెదికి పట్టుకుంది. పదహారో శతాబ్దపు ఇల్లు, దాని పక్క గోడకు ఆనుకుని తరువాతి కాలంలో ఇటుకతో కట్టిన మాల్ట్‌హౌస్. లండన్‌లోని లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్ నుంచి ఇప్స్విచ్ మీదుగా సాక్స్‌మండమ్ వరకు రైలు, అక్కడినుంచి టాక్సీ; ముగ్గురికీ రానూపోనూ 138 పౌండ్లు అయింది.

మనం రాగి మాల్ట్‌కు రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలు రాగానే ఆరబెట్టి, దోరగా వేయిస్తాం. ఇంగ్లండ్ రైతు బీరు కోసం బార్లీతో చేసినదీ ఇదే పని. మూటకు బదులు అతను ఒక భవనం కట్టుకున్నాడు. తొట్టిలో రెండు మూడు రోజులు నానిన గింజలను నేలమీద పలచగా పరిచి, మొలకల వేళ్లు పెనవేసుకుని వేడెక్కకుండా చెక్క పారలతో రోజూ తిరగేసేవారు. ఆ చల్లదనం, ఆ తేమ చెదరకూడదు కనుకనే గదులు పొడవుగా, పైకప్పు చేతికందేంత ఎత్తులో, కిటికీలు చిన్నవిగా, అద్దాలకు బదులు చెక్క తలుపులతో ఉంటాయి. ప్రకటనలోని ఫొటోలో సరిగ్గా అలాంటి గదే ఉంది.

మాకు తాళంచెవి ఇచ్చిన గది తలుపుమీద 'మాల్ట్‌హౌస్' అన్న పేరైతే ఉంది. లోపల ఒక్క దూలం కనబడదు. గోడలన్నీ బోర్డులతో కప్పి తెల్లరంగు వేశారు, కిటికీని వెడల్పు చేసి పెద్ద అద్దం బిగించారు. ఫొటోలోని గదిని పెళ్లి విందులకు కేటాయించామని, అది బసకు ఇవ్వబోమని నిర్వాహకురాలు తల ఎత్తకుండానే చెప్పింది. "ఇంత డబ్బు పోసి అట్టపెట్టెలో పడుకోవాలా?" అని నా భార్య తెలుగులోనే అన్నది. బుక్ చేసింది తానే కనుక మా అమ్మాయి ఆ సాయంత్రమంతా ముభావంగా ఉండిపోయింది. ఉదయం ఫలహారానికి తలకు 14 పౌండ్లు వేరుగా వేశారు. శాకాహారులమైన మాకు దక్కినవి రొట్టె, పుట్టగొడుగులు, బీన్స్.

మా మనసు నిలిపింది అసలు ఇల్లే. ఓక్ స్తంభాలు నిలిపి, వాటి మధ్య తడికలు అల్లి, మట్టి మెత్తి, పైన సున్నం పూసిన గోడలవి. దూలాల కీళ్లలో ఇనుప మేకు లేదు, చెక్క సీలలే. కీలు పక్కన వడ్రంగి ఉలితో గీసిన రోమన్ అంకెలున్నాయి. కొయ్యలన్నీ ముందే కోసి జతపరిచి, తిరిగి నిలబెట్టేటప్పుడు ఏది దేనికో తెలియడానికి పెట్టుకున్న గుర్తులవి. అటక ఎక్కితే వాసాలకు నల్లగా మసి. మొదట్లో ఈ ఇంటి నడిమి భాగానికి పైఅంతస్తు లేదు, పొగగొట్టమూ లేదు. నేలమీద రాజేసిన పొయ్యి పొగ కప్పులోకి లేచి సందుల్లోంచి పోయేది. పొగగొట్టం, పైఅంతస్తు వచ్చాక కిందివన్నీ మారినా పొగచూరిన వాసాలు అలాగే మిగిలాయి. మా అమ్మమ్మగారి పెంకుటింట్లో కట్టెల పొయ్యి మీది దూలాలు గుర్తుకొచ్చి నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

రెండో రోజు తోటపని చేసే పెద్దాయన, మా ఆసక్తి చూసి, సామాన్లగదిగా వాడుతున్న బట్టీ తలుపు తీశారు. మొలకెత్తిన బార్లీని ఆరబెట్టిన చోటు అది. అడుగు చదరపు మట్టి పలకలు పరిచిన నేల. పలక అడుగున బొటనవేలు దూరేంత గుంటలు, ఒక్కో గుంట మీద పైవైపు గింజ జారనంత సన్నని రంధ్రాల గుంపు. కింద మంట వేస్తే వేడిగాలి వాటిగుండా గింజల్లోకి పోతుంది. నా భార్య ఊడిన పలకనొకదాన్ని వెలుతురుకెత్తి జల్లెడను చూసినట్టు చూసి, ఆ రోజు మొదటిసారి నవ్వింది. మాల్ట్ మీద 1697 నుంచి 1880 వరకు పన్ను ఉండేదని, నానిన గింజలను అధికారులు వచ్చి కొలిచేవారని పెద్దాయన చెప్పారు. ఆయన చూపిన ఆ అరగంట మా 290 పౌండ్లలో లేదు.

మాల్ట్ కట్టడాన్ని పాడుచేయకుండా కొత్త పనికి ఎలా వాడవచ్చో చూడాలంటే, సాక్స్‌మండమ్‌కు దగ్గరలోని స్నేప్ మాల్టింగ్స్‌కు వెళ్లండి. అక్కడ మాల్ట్ తయారీ 1965లో ఆగిపోయింది. 1967లో ఒక భవనం సంగీతశాలగా తెరుచుకుంది, 1969లో కాలిపోతే మరుసటి ఏడాదికల్లా తిరిగి నిలబెట్టారు. ఇటుక గోడలు, కొయ్య కప్పు దాచకుండా వదిలారు. ఆవరణలో తిరగడానికి మాకు ఖర్చేమీ కాలేదు.

ఇలాంటి బస తీసుకునేవారు మీకిచ్చే గది ఫొటోనే పంపమని ఈమెయిల్‌లో అడగండి, జవాబు రానిదే డబ్బు కట్టకండి. వీలైతే మాల్ట్‌హౌస్ వైపు కాక అసలు ఇంట్లో గది అడగండి. మా ఫిర్యాదుకు పదకొండు రోజుల తరువాత 45 పౌండ్లు వెనక్కి ఇచ్చారు. ప్రకటనలో ఆ ఫొటో మాత్రం నిన్నటికీ అలాగే ఉంది.