క్లిమ్ట్ బొమ్మల డిన్నర్ సెట్: ఆరేళ్లు తిన్నాక చెప్తున్నా

ఈ సెట్ కొని ఆరేళ్లు దాటింది. అద్దాల బీరువాలో పెట్టి చూసుకోలేదు, రోజూ అందులోనే తిన్నాం, కాబట్టి బాక్స్ విప్పిన వారానికే రాసే రివ్యూలా ఉండదు ఇది. ఆస్ట్రియా చిత్రకారుడు గుస్తావ్ క్లిమ్ట్ పెయింటింగులు వేసిన పింగాణీ సెట్, ఆరు పెద్ద ప్లేట్లు, ఆరు చిన్న ప్లేట్లు, నాలుగు కప్పులు. పెద్దవాటి నిండా 'ది కిస్' (ముద్దులో మునిగిన జంట బొమ్మ), చిన్నవాటి అంచు చుట్టూ 'ట్రీ ఆఫ్ లైఫ్' కొమ్మలు, కప్పుల బయటివైపు క్లిమ్ట్ వేసిన అడెలె అనే ఆవిడ బొమ్మలోని చీరంచు లాంటి డిజైన్లు.

ముందు పెద్ద ప్లేట్ల సంగతి, ఎందుకంటే నేను మోసపోయింది అక్కడే (ఎవరో మోసం చేశారని కాదు, నా కళ్లే). అసలు పెయింటింగ్ 1907-08లో వేసింది, వియన్నా బెల్వెడేర్ మ్యూజియంలో ఉంది, 180 సెంటీమీటర్ల నలుచదరం, నిజం బంగారు రేకు అతికించి వేశాడు. దాన్ని తీసుకొచ్చి గుండ్రటి ప్లేట్లో ఇరికిస్తే నాలుగు మూలలూ ఎగిరిపోతాయి కదా. ఆ జంటలో ఆవిడ పూలగట్టు చివర మోకాళ్ల మీద ఉంటుంది చూడండి, అక్కడ కాలివేళ్లు ముడుచుకుని గట్టు అంచుని పట్టుకున్నట్టు ఉంటాయి, ఆ బొమ్మలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అది, మా ప్లేట్లో ఆ వేళ్లే లేవు. కొనేటప్పుడు ఫొటోలో ఇది నాకెలా కనపడలేదో ఇప్పటికీ అర్థం కాదు.

సరే, బంగారం. క్లిమ్ట్ వాళ్ల నాన్న బంగారం మీద నగిషీ చెక్కే పనివాడు, అందుకే కొడుక్కి ఆ లోహం మీద అంత చేయి తిరిగిందంటారు. మా ప్లేట్లో బొమ్మలోని బంగారమంతా ఉత్త పసుపు గోధుమ రంగు ప్రింటే, అసలు బంగారం అంచు గీత ఒక్కటే. ఆ పూత మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం కూడా ఉండదు. డిష్‌వాషర్‌లో వేయొద్దని వెనక రాసే ఉంది, మొదటి ఏడాది చేత్తోనే కడిగాం, తర్వాత బద్ధకం వేసి మెషీన్లో పడేశాం, ఆ డిటర్జెంట్ ఘాటుకి రెండేళ్లు తిరక్కుండా అంచు అక్కడక్కడా తెల్లబడి ఇప్పుడు మొత్తం పోయింది. అది ఉన్న రోజుల్లో మావారు ఒకసారి మర్చిపోయి మైక్రోవేవ్‌లో పెట్టారు, లోపల టపటపా నిప్పురవ్వలు, గుండె ఆగినంత పనైంది. బంగారం పోయాక మైక్రోవేవ్ బెంగ తీరింది, అదొక్కటే లాభం.

ఇంతకంటే పెద్ద దెబ్బ గీతలది. ఇలాంటి బొమ్మలు చేత్తో వేసినవి కావు, పింగాణీ రంగులతో కాగితం మీద ప్రింట్ చేసి, నీళ్లలో నానబెట్టి ప్లేటు మీదకి జార్చి, మళ్లీ బట్టీలో కాలుస్తారు. గ్లేజ్ (ప్లేటు మీది గాజు లాంటి నునుపు పూత) పైన అతికించి 800 డిగ్రీల దగ్గర కాలిస్తే రంగులు ధగధగలాడతాయి కానీ పైపైనే ఉంటాయి. ఇంకా ఎక్కువ వేడికి కాలిస్తే గ్లేజ్ కరిగి రంగు లోపలికి దిగిపోతుంది, చాకు తగిలినా తొందరగా పోదు. తేడా కనిపెట్టడం తేలికే, బొమ్మ అంచు మీద గోరు పెట్టి లాగండి, చిన్న మెట్టులా తగిలితే పైపై ప్రింటే. మావి తగుల్తాయి. స్టీలు చాకుతో ఆరేళ్లు కోసేసరికి బొమ్మలో మగాడి అంగీ మీది నలుపు తెలుపు గడులు చెక్కుకుపోయాయి. బూడిద రంగు గీతలు కూడా పడతాయి, అవి గీతలు కావు, స్టీలే రాసుకుని అంటుకున్న మరక, వంట సోడా ముద్దతో రుద్దితే చాలావరకు పోతాయి. ఒకసారి పుల్లటిదేదో రాత్రంతా ప్లేట్లో వదిలేస్తే ఆ మేర రంగు వెలిసినట్టయింది, పైన అతికించిన రంగుల్లో సీసం, కాడ్మియం ఉండే అవకాశం ఉంది కాబట్టి ఆ రోజు నుంచి ఆ ప్లేటులో తినడం మానేశాం.

చిన్న ప్లేట్లు మాత్రం బంగారం, అంటే నిజంగా బాగున్నాయని. బొమ్మ అంచు మీదే ఉంది, చాకు ఆడేది మధ్యలో తెల్లటి చోట, ఆ సుడులు తిరిగే కొమ్మల్లో ఒకటీ అరా గీత పడ్డా కనపడదు. తర్వాత తెలిసిందేంటంటే ఆ చెట్టు అసలు పుట్టిందే భోజనాల గది కోసం, బ్రస్సెల్స్‌లో స్టోక్లే అనే ధనవంతుడి భవనంలో డైనింగ్ రూమ్ గోడలకి మొజాయిక్‌గా చేయించారు, దానికి డిజైన్ గీసింది క్లిమ్ట్. తినే చోటుకి గీసిన బొమ్మ తినే ప్లేటు మీద నిలబడింది, మ్యూజియం గోడ మీద ఉండాల్సింది నిలబడలేదు.

కప్పుల గురించి చెప్పడానికేం లేదు, బాగున్నాయి, ఒకదాని పిడి విరిగింది.

ఇంకోటి, ఒకదాని మీద ఒకటి పేర్చేటప్పుడు మధ్యలో ఏదైనా గుడ్డ ముక్క పెట్టండి. ప్లేటు అడుగున నిలబడే చుట్టుకి గ్లేజ్ ఉండదు, గరుకు కాగితంలా ఉంటుంది, పై ప్లేటు లాగిన ప్రతిసారీ కింద ప్లేటు బొమ్మని గీకేస్తుంది. మా ఆరింటిలో అన్నిటికంటే పైనుండే ప్లేటు మీద బొమ్మ ఇంకా కాస్త ముఖం చూపించేలా ఉంది, అడుగున ఉండేది చూడలేం.

చిన్న ప్లేట్లు విడిగా అమ్మితే ఇంకో ఆరు ఇవాళే తీసుకుంటా. పెద్దవి ఊరికే ఇచ్చినా గోడకి తగిలించుకుంటా గానీ అందులో తినను.