‘హోమ్ ఎలోన్’ 4కె డిస్కు: మేకు కనిపించేదాకా

ఈ డిస్కు ఎలా ఉందని ఎవరడిగినా నేను ముందు మేకు సంగతే చెబుతాను. కింది గది మెట్లకి తారు పూసి, ఆ తారు మధ్యలో, ఇంట్లోకి దొంగలు చొరబడకుండా కెవిన్ అనే పిల్లాడు నిలబెట్టిన మేకు. మార్వ్ అనే దొంగ బూట్లూ మేజోళ్లూ ఆ తారుకి వదిలేసుకుని, ఉత్త కాళ్లతో పైకెక్కుతూ సరిగ్గా దాని మీద కాలేస్తాడు. పిల్లాణ్ణి ఇంట్లో మరిచిపోయి ఇంటిల్లిపాదీ పారిస్ విమానం ఎక్కేసిన ఈ హాలీవుడ్ సినిమా కథ అందరికీ తెలిసిందే కాబట్టి మిగతాది చెప్పను.

శ్రీకాకుళంలో సీడీలు అద్దెకిచ్చే షాపులున్న రోజుల్లో దీన్ని రెండు డిస్కుల వీసీడీగా చూశాం. రాత్రి సీన్లన్నీ నల్లటి గళ్లే. దొంగ అరిస్తే నవ్వేవాళ్లం, ఎందుకు అరిచాడో ఎవరికి తోచింది వాళ్లు ఊహించుకునేవాళ్లం. సినిమాకి 30 ఏళ్లు నిండాయని 2020లో వేసిన, బ్లూరే కంటే వివరంగా బొమ్మ చూపించే 4కె డిస్కుని, తర్వాత ఎప్పుడో అమెరికా నుంచి వస్తూ మా పిన్ని కొడుకు తెచ్చాడు. బ్లూరేలకి ఉన్నట్టు 4కె డిస్కులకి రీజియన్ తాళం ఉండదు. అక్కడ కొన్నది ఇక్కడ ఆడుతుంది.

మొదటిసారి పెట్టినప్పుడు నన్ను కుర్చీలోంచి లేపింది దొంగలు కాదు, పాలు. ప్రయాణం ముందురోజు రాత్రి వంటింట్లో పిజ్జా దగ్గర గొడవై, పాలూ కూల్‌డ్రింకూ ఒలికి పాస్‌పోర్టులూ టికెట్లూ తడిసిపోతాయి కదా. తండ్రి కాగితం రుమాళ్లతో గబగబా తుడిచి, ఆ ముద్దంతా చెత్తబుట్టలో పడేస్తాడు. ఆ ముద్దలో ఒక టికెట్ కూడా పోతుంది. అది కెవిన్‌ది! వీసీడీలో అక్కడ తెల్లటి మసక తప్ప ఏమీ ఉండేది కాదు. లెక్క పెట్టేటప్పుడు పక్కింటి కుర్రాడి తల కలిసిపోయిందంటే సరే, మరి ఎయిర్‌పోర్టులో ఒక టికెట్ మిగలాలి కదా, ఎవరూ అడగలేదేం అని చిన్నప్పటి నుంచీ నాకో అనుమానం. మిగలడానికి టికెట్ ఉంటేగా! దాని గురించి ఎవరూ ఒక్క మాట అనరు, కెమెరా కూడా అక్కడ ఆగదు. చూసినవాడు చూస్తాడు. ఇన్నేళ్లు ఏనుగు తోక పట్టుకుని చూశామని అప్పుడర్థమైంది.

కెవిన్ గీసుకునే ఇంటి పటం కూడా అంతే. ఏ గుమ్మం దగ్గర ఏం పెట్టబోతున్నాడో అందులో ఉంటుంది. అది చదవగలిగితే తర్వాతి అరగంట వేరే సినిమా. ఇలాంటి దెబ్బల కామెడీలో దెబ్బ కంటే దెబ్బ కోసం కాచుకుని ఉండడంలోనే ఎక్కువ నవ్వు ఉంది. ఎర్రగా కాలిన తలుపు పిడి మనకి ముందు కనపడాలి, రెండో దొంగ హ్యారీ చెయ్యి మెల్లగా దాని మీదికి రావాలి. కిటికీ కింద పేర్చిన క్రిస్మస్ చెట్టు గాజు బుడ్డీలు మనకి తెలియాలి, మార్వ్‌కి తెలియకూడదు. వీసీడీలో మాకు ముందు కేక, తర్వాత కారణం. ఇక్కడ వరస సరిగ్గా ఉంది. ఆ ఊపులో బంధువులందరికీ ఫోన్ చేసి, కొంటే ఇలాంటి డిస్కే కొనాలని చెప్పేశాను.

ఆ తర్వాత సంక్రాంతికి ఇంటినిండా జనం. భోగి రోజు రాత్రి భోజనాలయ్యాక పెట్టాను. మధ్యలో ఇంకో చిన్న ముచ్చట. గాలికి కొమ్మ విరిగి తీగల మీద పడి, కరెంటు పోయి, అలారం ఆగి వాళ్లంతా ఆలస్యంగా లేస్తారు చూడండి, అక్కడ మా ఇంట్లో ఎవరికీ జాలి వెయ్యలేదు. 2018లో తిత్లీ తుపానుకి రోజుల తరబడి చీకట్లో గడిపినవాళ్లం, ఒక్క కొమ్మకి ఏం జాలిపడతాం?

కింది గది సీను వచ్చింది. మార్వ్ మెట్లు ఎక్కుతున్నాడని శబ్దం చెబుతోంది. తెర మీద మాత్రం నలుపులో నలుపు. కేక వినపడింది. పిల్లలు అలవాటుగా నవ్వారు. శుక్లాల ఆపరేషన్ చేయించుకుని కొత్త చూపుతో కూర్చున్న మా అమ్మ నా వైపు తిరిగి, ‘ఏటయ్యింది బావూ? ఆడేల అరిసినాడు? నాకేటీ కనపడ్లేదు’ అంది. వెనక్కి తిప్పి పెట్టాను. మళ్లీ అదే. నిజానికి నాకూ మేకు కనపడలేదు. మొదటిసారి కూడా కనపడలేదు, కథ తెలుసు కాబట్టి కనపడినట్టు అనుకున్నాను. మా బావ ‘ఇది డూప్లికేట్ డిస్కు’ అని తేల్చేశాడు. పండగ అయ్యాక టీవీ కొన్న షాపు మనిషిని పిలిస్తే, ప్యానెల్ పోయింది, మార్చాలన్నాడు. చెప్పిన రేటుకి కొత్త టీవీ సగం వస్తుంది. మామూలు ఛానెళ్లు చక్కగా వెలుగుతుంటే ప్యానెల్ ఎలా పోతుందని అడిగితే జవాబు లేదు.

పోయింది ప్యానెల్ కాదు, ఆడిన నాటకమంతా మెరుపుకీ నీడకీ మధ్య తేడాని మరింత ఎక్కువగా చూపించే పద్ధతైన హెచ్‌డీఆర్‌ది. ఈ డిస్కులకి వెలుగునీడలు దిద్దేటప్పుడు 1000 నిట్స్ (తెర వెలుగుకి కొలత) దాకానో, ఇంకా పైకో వెలగగల తెరని లెక్కలో పెట్టుకుంటారు. మాలాంటివాళ్లు కొనే టీవీలు చాలావరకు 250, 300 నిట్స్ దగ్గర ఆగిపోతాయి. అట్ట మీద మాత్రం హెచ్‌డీఆర్ అని ముద్ర ఉంటుంది. సిగ్నల్ తీసుకోగలదు, చూపించలేదు. పై మెరుపుల్ని ఎలాగోలా తన పరిధిలోకి కుదించుకునే పనిలో బొమ్మంతా కిందికి దిగిపోతుంది, నీడలో ఉన్నవి నలిగిపోతాయి. మిగతా సినిమాలకైతే కాస్త చీకటని సర్దుకోవచ్చు. ఈ సినిమాలో నవ్వంతా దాచిపెట్టిన వస్తువు మీద నడుస్తుంది. వస్తువే కనపడకపోతే మనం మళ్లీ వీసీడీ రోజుల్లోకి పోయినట్టే, కాకపోతే ఖర్చు ఎక్కువ.

ముందు టీవీలో కరెంటు పొదుపు ఆప్షన్ తీసేశాను, కొద్దిగా మెరుగైంది. అసలు మందు ప్లేయరు సెట్టింగుల్లో దొరికింది. హెచ్‌డీఆర్‌ని మామూలు సిగ్నల్‌గా మార్చి పంపమని పెట్టాను. బొమ్మ 4కెలోనే ఉంటుంది, ఆ అదనపు మెరుపు మాత్రం పోతుంది. మేకు కనిపించింది. మొన నిగనిగలాడుతూ, చుట్టూ తారు. అమ్మని పిలిచి చూపిస్తే, మార్వ్ కాలు ఇంకా పై మెట్టుకి రాకముందే ‘అయ్యయ్యో’ అని చీరకొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు కోసమే ఇదంతా. అయినా నాకు మంట తగ్గలేదు. పెట్టె మీద పెద్దక్షరాలతో ఉన్న సదుపాయాన్ని ఆపేస్తే తప్ప సరుకు పనికిరాకపోవడం ఏం న్యాయం?

ఇన్నిసార్లు చూశాక మొదట్లో పొగిడిన స్పష్టత మీద కూడా కాస్త వెనక్కి తగ్గాను. గాజు బుడ్డీల మీద నడిచేటప్పుడు ఆ నటుడికి రబ్బరు పాదాలు తొడిగారు. వీసీడీలో తెలిసేది కాదు, ఇందులో పాదం మైనం ముద్దలా ఉబ్బి ఉందని పిల్లలే పట్టేశారు. మంచు మెట్ల మీద జారిపడేది అసలు నటుడా, డూపా అని ఆపి ఆపి చూడడం వాళ్లకి ఇప్పుడో ఆట. ఫిల్మ్ మీద తీసిన సినిమా కాబట్టి ఇసుక చల్లినట్టు సన్నటి చుక్కలు, అంటే గ్రెయిన్ ఉంటుంది. అది నచ్చక టీవీలో నాయిస్ రిడక్షన్ పెంచితే మొహాలు ప్లాస్టిక్ అయిపోతాయి, దాని జోలికి వెళ్లకండి. జాన్ విలియమ్స్ సంగీతం గురించి నేను చెప్పేదేముంది, చిన్న సౌండ్‌బార్‌లో కూడా నిండుగా ఉంది.

తెలుగు మాటలు లేవు, తెలుగు సబ్‌టైటిల్సూ లేవు. మొదటి సగం అంతా మాటలే కాబట్టి అమ్మకి మేనకోడలు పక్కన కూర్చుని చెప్పాలి. దొంగల్లో ఒకడు పోలీసు డ్రెస్సులో వచ్చి ఎవరెవరు ఊరెళ్తున్నారో అడిగిపోయే సీను మాత్రం చెప్పక్కర్లేకుండానే అర్థమైంది. ‘మనోళ్లు ఊరెల్తే స్టేషన్లో చెప్పి కెమెరా పెట్టించుకుంటారు కదేటి, ఆళ్లకి లేదా?’ అని అడిగింది. తాళం వేసిన ఇళ్లని కెమెరాతో కనిపెట్టే మన పోలీసుల ఎల్.హెచ్.ఎం.ఎస్. సంగతి అన్నమాట. 1990 నాటి షికాగో శివార్లలో ఆ వసతి లేదని చెప్పాం. నాకు మహా ఇష్టమైన ముక్క ఇంకోటుంది. కెవిన్ పాత గ్యాంగ్‌స్టర్ సినిమా క్యాసెట్‌ని వీసీఆర్‌లో పెట్టి, ఆ మాటలతో దొంగని బెదరగొడతాడు. ఆ నలుపు తెలుపు సినిమా అసలు లేనే లేదు, దీనికోసమే తీశారు.

కొనాలా అంటే, మా వైపు సాయంత్రమయ్యేసరికి నెట్ నీరసించిపోతుంది, స్ట్రీమింగ్ బొమ్మ మసకబారుతుంది. ప్లేయరు ఇంట్లో ముందే ఉంది. డిస్కు చేతికి ఊరకే వచ్చింది. అందుకని నాకు కిట్టింది. విశాఖలో మంచి ఫైబర్ కనెక్షన్ ఉన్నవాళ్లు ఈ ఒక్క సినిమా కోసం ప్లేయరు కొని, డిస్కు బయటి నుంచి తెప్పించుకోమని నేను చెప్పలేను. బావ మొన్న పెద్ద టీవీ కొన్నానని, డిస్కు ఓసారి ఇమ్మని అడిగాడు. ఇస్తాను గానీ, ముందు ఆ టీవీ ఎన్ని నిట్స్ వెలుగుతుందో చూసి చెప్పమన్నాను. ఇంకా చెప్పలేదు.