హనుమకొండ నుంచి మ్యూనిక్‌కు బతుకమ్మ పెట్టె: ఒక కొరియర్ సేవపై నా అభిప్రాయం

మ్యూనిక్‌కు వచ్చిన మొదటి ఏడాది పుట్నాల పొడిలో చక్కెర కలుపుకొని అదే సత్తు అనుకున్నాను. 2024లో మాత్రం బతుకమ్మకు అమ్మ చేతి సత్తులే కావాలని పట్టుబట్టి, హనుమకొండలోని ఒక అంతర్జాతీయ కొరియర్ సంస్థ ద్వారా తెప్పించుకున్నాను.

ఆ సంస్థలో నాకు నచ్చింది ముందే ఉన్నమాట చెప్పడం. నువ్వుల సత్తు, పల్లి సత్తు, పెసర సత్తు, సకినాలు, పసుపు తీసుకున్నారు గానీ, యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చే పార్సెళ్లలో పాల పదార్థాలను అనుమతించరు కనుక నెయ్యి పోసి చేసిన మలీదను పక్కన పెట్టించారు. ఆ మలీద మా వాడలోని పిల్లల పాలైంది. తంగేడు, గునుగు పూలు కూడా వద్దన్నారు. వస్తువుల జాబితాను, విలువను వాళ్లే శ్రద్ధగా రాసిపెట్టినందున కస్టమ్స్‌లో ఒక్క ప్రశ్న కూడా ఎదురుకాలేదు.

చార్జీ దగ్గర మాత్రం నాకు ఫిర్యాదు ఉంది. 50, 40, 40 సెంటీమీటర్ల పెట్టె ఘనపరిమాణాన్ని 5000తో భాగిస్తే, పెట్టె పరిమాణం లెక్కన బరువు 16 కిలోలు అవుతుంది. లోపలి సరుకు 9 కిలోలే అయినా 16 కిలోలకు డబ్బు కట్టవలసి వచ్చింది. విమాన కొరియర్లలో ఇలా రెండింటిలో ఎక్కువైన బరువుకు చార్జీ వేయడం మామూలే. అయితే సకినాలు విరగకుండా పెద్ద పెట్టె తీసుకొమ్మని సలహా ఇచ్చిన వారు, దానివల్ల బిల్లు ఎంత పెరుగుతుందో కూడా అప్పుడే చెప్పవలసింది. ఇంత చేసినా నలభై సకినాలలో పదిహేడే నిలిచాయి.

అక్టోబర్ 2న వచ్చే పెత్రమాసకు (పితృ అమావాస్యకు) ముందే అందుతుందన్న పెట్టె 4వ తేదీన వచ్చింది. 3వ తేదీ జర్మనీలో జాతీయ సెలవు. అది క్యాలెండర్‌లో ఉన్న విషయమే. బతుకమ్మ తొలిరోజైన ఎంగిలిపూల నాటికి రాకపోయినా చివరి రోజైన సద్దులకు అందింది కనుక పెద్దగా బాధపడలేదు.

సద్దుల బతుకమ్మ 10వ తేదీ గురువారం కావడంతో, ఇక్కడి మనవాళ్లందరం సెలవు చూసుకొని 12న, అంటే దసరా నాడే ఆడుకున్నాము. గునుగుకు బంధువైన సెలోసియా పూలు, తంగేడుకు బదులుగా గోల్డెన్‌రాడ్ పేర్చి, పెట్టెలో వచ్చిన పసుపుతోనే గౌరమ్మను చేసుకున్నాము. వేయిస్తంభాల గుడి ముందు ఆడిన కాళ్లకు కమ్యూనిటీ హాలు గచ్చు కొత్తగానే తోచింది. కానీ సత్తు డబ్బా మూత తీయగానే వచ్చిన వేయించిన నువ్వుల వాసన మాత్రం మా వంటింటిదే. సీలు వేసిన కవర్లలో అది ఏ మాత్రం చెడలేదు.

పొడి పదార్థాల వరకు ఈ సేవను నిస్సందేహంగా వాడుకోవచ్చు. కనీసం మూడు వారాల ముందు పంపాలి, పెట్టె కొలతలు ఇంట్లోనే చూసుకోవాలి. సకినాలు వద్దన్నా అమ్మ వినడం లేదు. ఎలాగూ డబ్బు తీసుకునేది పెట్టె సైజుకే కనుక, వచ్చేసారి వాటిని స్టీలు డబ్బాలో పెట్టి పంపుతానంటున్నది.