విదేశాలకు వెళ్లే వైద్యుల కోసం కర్నూలులో ఒక కన్సల్టెన్సీ: ఇమ్యునాలజీ వైద్యురాలి సమీక్ష

కర్నూలు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్, జనరల్ మెడిసిన్‌లో ఎండీ, ఆ తర్వాత పుదుచ్చేరి జిప్‌మర్‌లో క్లినికల్ ఇమ్యునాలజీలో, అంటే రోగనిరోధక వ్యవస్థ జబ్బుల వైద్యంలో, డీఎం అనే సూపర్ స్పెషాలిటీ చేసిన నేను, బ్రిటన్‌లో పనిచేయాలని నిర్ణయించుకున్నాక, అక్కడి జనరల్ మెడికల్ కౌన్సిల్‌లో నమోదు కోసం మా ఊళ్లోనే ఉన్న ఒక కన్సల్టెన్సీ సేవలు తీసుకున్నాను. ప్రతి చిన్న పనికీ హైదరాబాదు వెళ్లనవసరం లేకపోవడమే అందుకు మొదటి కారణం.

కాగితాల విషయంలో వీరి పని మెచ్చుకోదగినది. మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు పొడి అక్షరంగానే ఉంటుంది, పాస్‌పోర్టులో మాత్రం పూర్తిగా ఉంటుంది. కన్సల్టెన్సీ ఉద్యోగి నా పదో తరగతి మార్కుల జాబితా, ఎంబీబీఎస్ పట్టా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు నాలుగింటినీ బల్ల మీద వరుసగా పరిచి, పేరులోని ఒక్కొక్క అక్షరాన్నీ పెన్సిలుతో సరిచూసి, తేడా ఉన్నచోటల్లా గుర్తు పెట్టి, నోటరీ అఫిడవిట్‌లో ఏమేమి రాయించాలో చెప్పారు. పట్టా అసలైనదేనని విదేశీ వైద్యుల పట్టాలను పరిశీలించే అమెరికా సంస్థ ఈసీఎఫ్‌ఎంజీ వారి ఎపిక్ సేవ నేరుగా విశ్వవిద్యాలయాన్ని అడిగి నిర్ధారించుకుంటుంది కాబట్టి, పేరులో తేడా ముందే తేలడం ఎంతో మేలు. వైద్యుడి నమోదు, నడవడి సక్రమంగా ఉన్నాయని మెడికల్ కౌన్సిల్ ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ మూడు నెలలే చెల్లుతుందని గుర్తుంచుకొని, దాన్ని అన్నిటికంటే చివర తెప్పించడం కూడా వీరి అనుభవానికి నిదర్శనం.

స్పెషాలిటీ గురించి ఇచ్చిన సలహా మాత్రం నన్ను నిజంగా బాధించింది. మన దేశంలో క్లినికల్ ఇమ్యునాలజీ చదివినవారు ప్రధానంగా చూసేది లూపస్, రుమటాయిడ్ ఆర్థరైటిస్, వాస్కులైటిస్ వంటి, రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బులున్న రోగులను. బ్రిటన్‌లో ఆ రోగులు రుమటాలజీ (కీళ్ల జబ్బుల) విభాగానికి వెళతారు. అక్కడ ఇమ్యునాలజిస్టు అంటే పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపాలకు ఇమ్యునోగ్లోబులిన్ (ప్రతిరక్షకాలు) ఇచ్చేవారు, తీవ్రమైన అలర్జీలను, వంశపారంపర్య ఆంజియోఎడీమాను (చర్మం కింద హఠాత్తుగా వచ్చే వాపును) చూసేవారు, చాలా చోట్ల ప్రయోగశాల బాధ్యత కూడా మోసేవారు. 2021 నుంచి అమలులో ఉన్న అక్కడి పాఠ్యప్రణాళిక అలర్జీని, ఇమ్యునాలజీని ఒకే గొడుగు కిందికి తెచ్చింది. ప్రయోగశాల బాధ్యతలు చేపట్టదలచినవారికి అక్కడి పాథాలజిస్టుల రాయల్ కాలేజీ పెట్టే ఎఫ్‌ఆర్‌సీపాత్ పరీక్ష కూడా ఉంటుంది. ఈ తేడా ఏమాత్రం తెలియని కన్సల్టెన్సీ సలహాదారు, నా డీఎం పట్టా మీద పేరు చూసి, ఇమ్యునాలజీ కన్సల్టెంటు (సీనియర్ స్పెషలిస్టు వైద్యుడు) పోస్టులకు నేరుగా దరఖాస్తు చేయమన్నారు. బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌లో శాశ్వత కన్సల్టెంటు కావాలంటే జనరల్ మెడికల్ కౌన్సిల్ వారి స్పెషలిస్ట్ రిజిస్టర్‌లో పేరుండాలి. అక్కడ శిక్షణ పొందనివారు అందుకు పోర్ట్‌ఫోలియో మార్గంలో తమ జ్ఞానాన్ని, నైపుణ్యాన్ని, అనుభవాన్ని ఆధారాలతో నిరూపించాలి. ఏళ్లు పట్టే ఆ పనిని ఒక ఫారం నింపినంత తేలికగా చెప్పడం, ఇల్లూ పిల్లలనూ వదిలి వెళ్లడానికి సిద్ధపడుతున్న మనిషికి చేసే అన్యాయం.

పరీక్షల విషయమూ అంతే. అందరికీ ప్లాబ్ (విదేశీ వైద్యుల నమోదుకు ఆ కౌన్సిల్ పెట్టే పరీక్ష) శిక్షణ ప్యాకేజీనే చూపిస్తారు. ఎంబీబీఎస్‌తో వెళ్లేవారికి అది సరైన దారే కావచ్చు. ఎండీ మెడిసిన్ చదివి, రోజూ వార్డులో రోగులను చూస్తున్నవారికి ఎంఆర్‌సీపీ (బ్రిటన్ రాయల్ కాలేజీలు పెట్టే మెడిసిన్ పరీక్ష) కూడా నమోదుకు పనికివస్తుందనీ, రుమటాలజీలోనైనా ఇమ్యునాలజీలోనైనా ముందుకు వెళ్లడానికి అదే ఎక్కువ బలమనీ వీరు చెప్పరు. ప్లాబ్ రెండో భాగానికి మాంచెస్టర్ ప్రయాణం తప్పదన్న సంగతిని కూడా నేను అడిగితేనే చెప్పారు.

కాబట్టి కాగితాల సేవకు మాత్రమే రుసుము చెల్లించండి. ప్యాకేజీ మొత్తానికి ఒప్పుకోకుండా, విడిగా రశీదు అడిగితే ఇస్తారు, నాకు ఇచ్చారు. స్పెషాలిటీ సలహా కోసం బ్రిటన్‌లో అదే విభాగంలో పనిచేస్తున్న మన సీనియర్లను అడగడం మేలు. మన కాలేజీలో చదివి బ్రిటన్‌లో స్థిరపడినవారు తక్కువేమీ కాదు. వారిలో ఒకరితో నెలకొక సాయంత్రమైనా అభ్యర్థులు ఫోన్‌లో మాట్లాడే ఏర్పాటు చేయమని నేను కన్సల్టెన్సీ యజమానిని లిఖితపూర్వకంగా కోరాను. అది జరిగితే ఈ సేవను మా జూనియర్లకు నేనే స్వయంగా చెబుతాను.